ఆకుమడికొక కావలి యంత్రము

గోదావరికి నీరు వచ్చుచున్నదని తెలియగానే మన యిండ్లలో అందరును రేడియో చుట్టు చేరుట వాడుక. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. దిగువకు వదలు నీరు 10 లక్షల క్యూసెక్కులు, 13 లక్షలు, 17 లక్షలు అని వీనికి జోడుగా మరియొక లెక్క. డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ అంకెలు ఎక్కములవలె నోటికి వచ్చును. 1986 ఆగస్టు వరదను చూచినవారును, 2022 జూలైలో మూడవ హెచ్చరికను దాటి వచ్చిన వరదను చూచినవారును ఆ అంకెల వెనుకనున్న భయమునుగూడ నెరుగుదురు.

అయితే ధవళేశ్వరపు అంకె మా యూరి మురుగు కాలువను గూర్చి ఏమియు చెప్పదు. కె.గంగవరము గౌతమీ పాయకు ఎడమ దరిని, గోదావరి తూర్పు డెల్టాలో నున్నది; 2022లో కోనసీమ జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది. దాపుననే కోటిపల్లి రేవు. గౌతమి నిండుగా పారునప్పుడు, చేలలోని నీటిని దింపవలసిన మురుగు కాలువలు దింపజాలవు. నీరు నిలిచి, వెనుకకు ఎగదన్ని, తూముగుండ చేలలోనికి వచ్చును. మా యూర చినుకు రాలకున్నను ఎగువ వానలకు మా ఆకుమళ్ళు మునుగుట కలదు. ఎకరమునకు అయిదు సెంట్ల చొప్పున పోసిన ఆకుమడి వారము దినములు నీట మునిగినచో సాధారణపు వరినారు కుళ్ళిపోవును. స్వర్ణ-సబ్ 1 వంటి రకము రెండు వారముల వరకు ఓర్చుకొనును గాని, ఆ విత్తనము అందరును వేయరు.

కాబట్టి సార్వా నారు పోసిన రైతు రాత్రులందు టార్చిలైటు పుచ్చుకొని తూము దగ్గరకు పోయి చూచును. నీరు పైకి వచ్చుచున్నచో తూమునకు చెక్క వేసి, గడ్డిమోపు పెట్టి, బురద మెత్తును. తెల్లవారి ఇంజను పెట్టి చేలోని నీరు తోడును. ఆ చెక్క సకాలమున వేయుటయే ముఖ్యము. అరగంట ఆలస్యమైనచో పని పదింతలగును. తూము దగ్గర నీరు పెరిగినదని ఇంటిలో మ్రోగి చెప్పు ఒక చిన్న యంత్రమును వినోదార్థము చేయబూనిన మా అనుభవమును నేడు శ్రోతలకు నివేదింతుము. వినోదార్థమని ఏల అంటిమో, ఆ మాట ఎట్లు తప్పైనదో ముందు తెలియును.

ఈ పనికి మూలము పొరుగింటి బాలుడు. పదవ తరగతి చదువుచున్నాడు. 2016లో నీతి ఆయోగ్ వారి అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద దేశమందలి పాఠశాలలలో ప్రయోగశాలలు పెట్టుట ఆరంభమైనది కదా, అట్టిదానిలో నొక బోర్డును చూచి వచ్చి మమ్ములను విడువలేదు. "అది లెక్కలు కడుతుందండి, దీపాలు వెలిగిస్తుందండి, మనం ఏం చెప్తే అది చేస్తుందండి మాస్టారూ" అని వాని మాట.

అరచేతిలో ఇముడు ఆ బోర్డు పేరు ఆర్డ్యునో ఊనో. దాని నడుమనున్న నల్లని చిప్పును మైక్రోకంట్రోలరు అందురు. లెక్క కట్టు భాగము, జ్ఞాపకముంచుకొను భాగము, బయటి తీగలతో మాటలాడు భాగము, మూడును ఒక్క చిప్పులోనే కలవు. బట్టలుతుకు మిషనులోను, టెలివిజను రిమోటులోను ఇటువంటివే యుండును. మనము చూడము, అంతే. ఊనో బోర్డు చిప్పు క్షణమునకు ఒక కోటి అరువది లక్షల టిక్కులతో నడచును. కాని దానికి గల తాత్కాలికపు జ్ఞాపకశక్తి 2,048 బైట్లు మాత్రమే. మన తెలుగు లిపిలో ఒక్కొక్క గుర్తు మూడేసి బైట్లు తీసికొనునుగనుక, ఒక కార్డు ముక్కమీద వ్రాసిన జాబు కంటె హెచ్చు అందు పట్టదు. ఒక తూమును కాచుటకు అది చాలును.

దీని పుట్టుక చిత్రమైనది. 2005లో ఇటలీ దేశమందలి ఇవ్రేయా పట్టణమున, డిజైను విద్య నేర్పు సంస్థలో, మాసీమో బాంజీ మొదలగు అయిదుగురు దీనిని ఆరంభించిరి. 2003లో అచ్చటనే ఎర్నాండో బర్రగాన్ అను విద్యార్థి చేసిన "వైరింగ్" అనునది దీనికి పునాది. ఆ యూరి పానశాల పేరే బోర్డుకు పెట్టిరి. ఆ పానశాలకో, 1002లో ఇటలీకి రాజైన అర్దుయినో పేరు. రాజు పేరు పానశాలకు, పానశాల పేరు బోర్డుకు! తాత పేరు మనుమనికి వచ్చినట్లే యున్నది. వారు నమూనాను దాచుకొనక లోకమునకు విడిచిపెట్టుటచేత, అచ్చముగా అటువంటి బోర్డులే నేడు కొలది వందల రూపాయలకు దొరకుచున్నవి. రేడియో శ్రోతలకు ఈ బోర్డులతో ఒక చుట్టరికముగూడ కలదు. 2016లో బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ వారు మైక్రోబిట్ అను ఇటువంటి బోర్డును ఆ దేశమందలి పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లలకు సుమారు పది లక్షల మందికి ఉచితముగా పంచిరి.

ఇక పనిలోనికి దిగుదము. మొదటి పాఠము ఒక చిన్న దీపమును వెలిగించుట. ఎల్‌ఈడీ దీపమునకు రెండు కాళ్ళు. పొడవుది ధనము, పొట్టిది ఋణము. బోర్డు ఇచ్చునది అయిదు వోల్టులు, ఎర్ర దీపమునకు కావలసినది సుమారు రెండు. తక్కిన మూడు వోల్టులను మ్రింగుటకు నడుమ ఒక నిరోధకము, అనగా రెసిస్టరు, ఉండవలెను. 220 ఓముల రెసిస్టరు పెట్టినచో మూడును 220 చేత భాగింపగా దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు పారును. ఇది దీపమునకును క్షేమము, బోర్డు కాలికిని క్షేమము. రెసిస్టరు లేకయే కలిపినచో దీపమో, బోర్డు కాలో, రెండునో చెడును. మేము ఒక కాలిని ఆ విధముగనే పోగొట్టుకొంటిమి.

ప్రోగ్రాము వ్రాయుట కొందరు భయపడునంత గొప్ప విద్య కాదు. కంప్యూటరులో వ్రాసి తీగగుండ బోర్డులోనికి పంపినచో, కరెంటు తీసివేసినను అది అందు నిలిచియుండును. దానిలో రెండు భాగములు. ఒకటి బోర్డుకు కరెంటు వచ్చినప్పుడు ఒక్కమారు జరుగును. రెండవది ఆపువరకు మరల మరల జరుగుచునే యుండును. ఆయిలింజను తిప్పుట ఒకమారు, నీరు పారుచున్నదో లేదో చూచుట మాటిమాటికి, అటువంటిదే ఇదియును. ఏ కాలు వినవలెను, ఏ కాలు పలుకవలెను అని మొదటి భాగములో చెప్పుదుము. విని ఏమి చేయవలెనో రెండవ భాగములో చెప్పుదుము.

ఇచ్చట మమ్ములను తికమకపెట్టిన సంగతి యొకటి చెప్పవలెను. ఒక కాలిని వినుమని చెప్పి, దానికి స్విచ్చినుండి ఒక్క తీగ కలిపితిమి. స్విచ్చి నొక్కకుండగనే దీపము వెలుగుచు ఆరుచుండెను. చేయి దగ్గరకు తెచ్చినచో మరింత. "దయ్యం పట్టిందండి" అని బాలుడు. రేడియో ఏరియలు చివర వ్రేలు పెట్టినప్పుడు గుర్రుమను చప్పుడు శ్రోతలెల్లరు ఎరిగినదే. ఇంటి కరెంటు తీగల ప్రభావము మన దేహముగుండ పోయి అందు వినబడును. ఎచ్చటికిని కట్టివేయని బోర్డు కాలుగూడ అట్లే గాలిలోని ప్రతి గుసగుసను వినును. దానిని ఒక రెసిస్టరు ద్వారా అయిదు వోల్టులకు కట్టివేసినచో, స్విచ్చి కలిసినప్పుడు మాత్రమే సున్నకు దిగును. కట్టుకొయ్యకు కట్టని దూడను పిలిచినచో వచ్చునా? ఈ దయ్యము ఆ రెసిస్టరుతో వదలినది.

నీటి మట్టమును కొలుచుటకు బాలుడు కోరినది ధ్వనితో కొలుచు పరికరము. అది మనకు వినబడని 40 కిలోహెర్ట్‌జుల ధ్వనిని క్రిందికి పంపి, నీటిని తాకి తిరిగివచ్చువరకు కాలమును లెక్కించును. ఒకటిన్నర మీటరు దిగువనున్న నీటిని తాకి వచ్చుటకు క్షణములో నూరవ వంతు కూడ పట్టదు. దానిని ఒక గెడకు కట్టి మురుగు కాలువపై నిలిపితిమి. మొదటి దినము ఆనందమునకు మేర లేదు. రెండవ దినము మధ్యాహ్నము నీరు నాలుగు సెంటీమీటర్లు పెరిగినదని బోర్డు చెప్పినది. పోయి చూడగా పెరుగలేదు. మూడవ దినమును అంతే. ఎండ హెచ్చినకొలది కాలువ పొంగుచున్నదట!

కారణము విచారింపగా తేలినదేమనగా, ధ్వని వేడి గాలిలో వడిగా పోవును. 25 డిగ్రీలయందు క్షణమునకు సుమారు 346 మీటర్లు, 40 డిగ్రీలయందు సుమారు 355. మా ప్రోగ్రాములో ఒక్కటే వేగము వ్రాసితిమి. ధ్వని త్వరగా తిరిగివచ్చుటచేత నీరు దగ్గరకు వచ్చినదని బోర్డు భ్రమపడినది. వేడిని కొలుచు మరియొక పరికరము చేర్చి లెక్క దిద్దవచ్చును, దిద్దితిమిగూడ. అంతలో ఎగువనుండి గుర్రపుడెక్క తెట్టె కొట్టుకొనివచ్చి పరికరము క్రింద నిలిచినది. బోర్డు దానినే నీరని కొలిచి జానెడు పెరిగినదని ఉత్సాహముగా చెప్పెను. మా ప్రాంతపు మురుగు కాలువలలో గుర్రపుడెక్క లేని కాలువ ఏది? బాలుని దుఃఖమును సరకుచేయక ఆ పరికరమును విప్పివేసితిమి.

దానికి బదులు పెట్టినది తేలుడు స్విచ్చి. చిన్న కడ్డీపై పైకి క్రిందికి జరుగు ఒక తెప్ప, తెప్పలో అయస్కాంతము. కడ్డీలోపల గాజు గొట్టమున రెండు సన్నని లోహపు రేకులు. అయస్కాంతము దగ్గరకు వచ్చినప్పుడు రేకులు కలియును. ఈ రేకుల స్విచ్చిని 1936లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో ఎల్‌వుడ్ అను నతడు కనిపెట్టెను. వేడికిని, గుర్రపుడెక్కకును ఇది లొంగదు. క్రింద చిల్లులు గల ప్లాస్టికు గొట్టమును కాలువ గట్టునొద్ద నిలువుగా పాతి, లోపల మూడు ఎత్తులలో మూడు స్విచ్చిలు అమర్చితిమి. గొట్టములో నీరు నిలుకడగా నుండును, తెట్టె లోనికి రాదు.

ఏ ఎత్తులలో అమర్చవలెనన్న ప్రశ్నకు బోర్డు జవాబు చెప్పజాలదు. ఆ తూము నానుకొని మూడెకరములు కౌలు చేయుచున్న పెద్దాయన యొకరున్నారు. ఆయనను పిలిచి, ఎన్ని సెంటీమీటర్ల వద్ద ప్రమాదమో చెప్పుమని బాలుడడిగెను. "నాకు నీ సెంటీమీటర్లు తెలవ్వురా అబ్బాయ్. తూముగోడకి రెండో ఇటిక వరస తడిస్తే చూసుకోవాలి. మూడోది మునిగితే చెక్కేసెయ్యాలి. తూముపెదవి ముట్టుకుందంటే చేను మునిగినట్టే" అనెను. ధవళేశ్వరమువలె మా తూమునకును మూడు హెచ్చరికలు ఏర్పడినవి. రెండవ వరుసకు పచ్చ దీపము, మూడవ వరుసకు పసుపు దీపము, పెదవికి ఎర్ర దీపమును గంటయును. అరువది మీటర్ల తీగ లాగి, పెద్దాయన ఇంటి వసారాలో బోర్డును పెట్టి, గోడనున్న ప్లగ్గునుండి దానికి కరెంటు ఇచ్చితిమి. బకెట్టుతో నీరు పోసి పరీక్షింపగా మూడు దీపములును వెలిగినవి, గంట మ్రోగినది. ఇరుగుపొరుగు వచ్చి చూచిపోయిరి.

ఆ సార్వాలో ఆకుమడి మొలకెత్తి పండ్రెండవ దినమున రాత్రి గాలివాన పట్టినది. పది గంటలకు కరెంటు పోయినది. గంట మ్రోగలేదు. పెద్దాయన నిద్రించెను. అంతకు మునుపు అట్టి రాత్రి ఆయన రెండుమార్లు లేచి తూమునకు పోవువాడు. మా యంత్రము వచ్చినదని, అది చెప్పునని, మానుకొనెను. తెల్లవారుసరికి పదునైదు సెంట్ల ఆకుమడిపై మోకాటిలోతు నీరు. గౌతమి తీయుటకు ఎనిమిది దినములు పట్టినది. నారు దక్కలేదు.

మేము పోయి ఆయన ఎదుట నిలుచుంటిమి. ఆయన తిట్టలేదు. "కూయని కోడిని నమ్ముకుని పడుకున్నాం మాస్టారూ" అని మాత్రమనెను. పరాయి యూరినుండి నారు కొని తెచ్చుకొనగా అయిన వ్యయములో సగము మేము పెట్టుకొంటిమి. అయినను ఆలస్యపు ఊడ్పుకు తగ్గిన దిగుబడిని ఎవరు పెట్టుకొందురు?

నిజమునకు బోర్డు చెడలేదు, ప్రోగ్రాము తప్పు కాదు. వాన వచ్చినప్పుడే మ్రోగవలసిన గంటకు, వాన వచ్చినప్పుడే పోవు కరెంటును ఆధారము చేసితిమి. మరునాడు తీగ వెంబడి నడచి చూడగా అంతకంటె సిగ్గుపడవలసినది కనబడినది. గట్టు మధ్యలో పందికొక్కు తీగను కొరికివేసియున్నది. ఎన్నడు కొరికినదో తెలియదు. కరెంటు ఉన్నను ఆ రాత్రి గంట మ్రోగియుండదన్నమాట. నీరు పెరిగినప్పుడు రేకులు కలియునట్లు అమర్చితిమి గనుక, తెగిన తీగయును పెరుగని నీరును బోర్డునకు ఒక్కటే. మౌనమర్ధాంగీకారమని మన సామెత. కావలివాని విషయములో ఆ సామెతను నమ్మితిమి.

ఇట్టి చిక్కును రైల్వేవారు చాల కాలము క్రిందటనే ఎరిగిరి. 1872లో విలియం రాబిన్‌సన్ అను అమెరికను పట్టాలలో ఎల్లప్పుడును కరెంటు పారునట్లొక యేర్పాటు చేసెను. బండి వచ్చినను, పట్టా విరిగినను, బ్యాటరీ చచ్చినను కరెంటు ఆగును; ఆగినచో సిగ్నలు ఎరుపగును. అనగా అంతయు బాగున్నదని చెప్పుటకే కరెంటు కావలెను, ప్రమాదమని చెప్పుటకు అక్కరలేదు. మేము చేసినది దీనికి తలక్రిందు.

మరల కూర్చుంటిమి. ఈమారు పనికి వినోదమను పేరు లేదు.

మొదట స్విచ్చిలు. ఆ తెప్పకు క్రిందనున్న చిన్న బిళ్ళను ఊడదీసి, తెప్పను తిరగవేసి పెట్టినచో, నీరు లేనప్పుడు రేకులు కలిసియుండి, నీరు లేపినప్పుడు విడివడును. రెండు నిమిషముల పని. ఆ రెండు నిమిషముల పని ముందే తోచియున్నచో అని ఎన్నిమారులు అనుకొంటిమో! ఇప్పుడు తీగ తెగినను బోర్డునకు నీరు వచ్చినట్లే తోచి గంట మ్రోగును.

అయినను ఒక లోపము మిగిలెను. తీగ తెగక, రెండు పోగులును నలిగి ఒకదానితో నొకటి కలిసిపోయినచో రేకులు కలిసియున్నట్లే కనబడును గదా! దీనికి అగ్నిప్రమాదపు గంటలవారి ఉపాయము పనికివచ్చినది. స్విచ్చి చెంతనే, అనగా కాలువ చివరనే, తీగలో వేయి ఓముల రెసిస్టరును చేర్చితిమి. బోర్డు చెంత అయిదు వోల్టులకు కట్టు రెసిస్టరునుగూడ వేయి ఓములదే పెట్టితిమి. ఊనో బోర్డునకు అవును కాదని మాత్రమే గాక, వోల్టేజిని 0 మొదలు 1,023 వరకు అంకెగా చదువు ఆరు కాళ్ళున్నవి. తీగయును స్విచ్చియును సరిగా నున్నచో ఆ అంకె నడిమికి, 512 దాపునకు వచ్చును. నీరు వచ్చినను, తీగ తెగినను 1,023. పోగులు కలిసిపోయినచో 0. సరియైన అంకె ఒక్కటే, తక్కినవన్నియు మేలుకొలుపులే.

నీరు రెండవ వరుసను తడపకుండ తూము పెదవిని తాకజాలదు. కాబట్టి పచ్చ దీపము వెలుగకయే ఎర్రది వెలిగినచో అది వరద కాదు, తీగలో లోపము. ప్రోగ్రాములో ఈ మాట నాలుగు పంక్తులలో వ్రాయవచ్చును. వరదకు దీర్ఘముగా, తీగ లోపమునకు పొట్టిపొట్టిగా మ్రోగునట్లు చేసితిమి. పక్క చేలో మోటారు వేసినప్పుడెల్ల పొడవైన తీగలో ఒక పోటు పుట్టి గంట ఉలికిపడుచుండెను. మూడు క్షణములు ఎడతెగక అదే అంకె వచ్చిననే నమ్ముమని చెప్పగా ఆ బాధ తొలగినది.

తరువాత కరెంటు. సెల్‌ఫోనులకు వాడు పవర్ బ్యాంకును తగిలించితిమి. అరనిమిషములో ఆరిపోయెను. మరల నొక్కినను అంతే. మా బోర్డు తీసికొను కరెంటు మిక్కిలి స్వల్పమగుటచేత, ఫోను తీసివేసిరని తలచి పవర్ బ్యాంకు తనంతట తాను కట్టివేసికొనుచున్నది! పొదుపరితనమే నేరమైనది. చివరకు 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీని తెచ్చితిమి. బోర్డు తీసికొనునది సుమారు 50 మిల్లీ ఆంపియర్లు. లెక్కకు 140 గంటలు రావలెను, సగమే నమ్మినను మూడు రాత్రులు గడచును. ఇంటి కరెంటు ఉన్నప్పుడు ఛార్జరు దానిని నింపుచుండును. బ్యాటరీ వోల్టేజినిగూడ రెండు రెసిస్టర్లతో తగ్గించి ఒక కాలికి వినిపించుచున్నాము. 11.8 వోల్టులకు దిగినచో, చచ్చిపోకముందే కేకవేయవలెనని నియమము.

ఇవన్నియు సరిగానున్నను బోర్డే నిలిచిపోయినచో? రేడియోలో ఒక కార్యక్రమమునకును మరియొకదానికిని నడుమ మాటలేమియు రానప్పుడు, సన్నని హోరు వినబడుచుండుటచేత కేంద్రము పనిచేయుచున్నదని మనకు తెలియును. అటువంటిది మా బోర్డునకును కావలెనని, నిమిషమునకొకమారు టిక్కుమనునట్లు చేసితిమి. ఈ టిక్కునకు బాలుడు వ్రాసినది "అరువది క్షణములు ఊరకుండి టిక్కుమనుము" అని. ఊరకుండుమన్నప్పుడు బోర్డు నిజముగనే ఊరకుండును. ఆ నిమిషమంతయు కాలువవైపు చూడదు. కావలివాని కన్నులు మూసి గడియారము చూడుమన్నట్లున్నది. కరెంటు వచ్చినప్పటినుండి గడచిన కాలమును బోర్డు తనలో లెక్కించుచుండును; కాలువను చూచుచునే ఆ లెక్కను ఒక కంట కనిపెట్టుమని మార్చితిమి.

ఆ లెక్కలోను ఒక గోతి కలదు. క్షణములో వేయవవంతుల చొప్పున 4,29,49,67,295 వరకు లెక్కించి మరల సున్నకు వచ్చును. అనగా 49 దినముల 17 గంటలకొకమారు. గతమారు టిక్కుమనిన వేళకు అరువది వేలు కూడి, అది దాటినదా అని అడిగినచో ఏబదియవ దినమున లెక్క తప్పవచ్చును. ఇప్పటి వేళనుండి గతపు వేళను తీసివేసి, శేషము అరువది వేలు దాటినదా అని అడిగినచో తప్పదు. పదునొకండు గంటలనుండి రెండు గంటలకు మూడు గంటలని మనము గోడగడియారమును చూచి తడుముకొనక చెప్పుదుము గదా, అదే లెక్క. జూన్‌లో పెట్టిన యంత్రము ఆగస్టులో మతి తప్పకుండుటకు ఈ ఒక్క తీసివేత చాలినది.

బాలునకు మరియొక కోరిక కలిగెను. నీరు రాగానే మోటారును బోర్డే వేయవలెనట. ఇందుకు మేము ఒప్పుకొనలేదు. మూడు ఫేజుల మోటారు స్టార్టరులో 415 వోల్టులు. అది అయిదు వోల్టుల పిల్లవాని చేతులు పెట్టదగిన చోటు కాదు. చీకటిలో ఎవరో మోటారు చెంత తడి చేతులతో నున్నప్పుడు అది తనంతట తాను తిరిగినచో? లైసెన్సు గల ఎలక్ట్రీషియను లేక ఆ జోలికి పోరాదు. మా యంత్రము పిలుచును, అంతే, పోవలసినది మనిషి.

పెద్దాయనను మరల నమ్మించుట సులభము కాలేదు. ఆయన మమ్ములను వసారాలో కూర్చుండబెట్టి, తానే గట్టు మీదికి పోయి తీగను కత్తిరించెను. గంట పొట్టిగా మ్రోగెను. అతికించి, ఇంటి కరెంటు తీసివేసెను. టిక్కు ఆగలేదు. రెండు పోగులను పంటితో ఒలిచి మెలివేసెను. మరల మ్రోగెను. "ఇప్పుడు కూస్తంది" అనెను.

తరువాతి సార్వాలో నారు పోసినప్పటినుండి ఊడ్పులు ముగియువరకు ఆ గంట రాత్రులందు మూడుమారులు మ్రోగినది. రెండుమారులు నీరే, రెండుమారులును చెక్క సకాలమున పడినది. మూడవమారు రెండు గంటల రాత్రి పొట్టిగా మ్రోగగా, పెద్దాయనయు, బాలుడును, మేమును టార్చిలైట్లతో గట్టు వెంబడి పోతిమి. పందికొక్కు మరల కొరికినది. ఊరకే నిద్ర చెడెనని బాలుడు విసుగుకొనెను. పెద్దాయన తీగ ముక్కను చేతబట్టుకొని, "కొరికితే కొరికింది లేరా, చెప్పింది కదా" అని, ఎటులును వచ్చితిమి గనుక తూముదాక పోయి ఇటుకల వరుస చూచి వత్తమనెను. మొదటి వరుస మాత్రమే తడిసియుండెను.